పచ్చబొట్టు: మాన్పేది ఎంత, మార్చేది ఎంత

చర్మంలోకి సూదితో రంగు పొడిపించుకుంటే మనిషికి నయమవుతుందా? ఇవాళ ఈ ప్రశ్నకు ఒకేసారి పది జవాబులు వినిపిస్తున్నాయి. పచ్చబొట్టుతో కీళ్లనొప్పి తగ్గుతుందని అడవి ఊళ్ల పెద్దవాళ్లు నమ్ముతారు. క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేసిన స్త్రీలకు సూదీ రంగుతోనే చనుమొన రూపాన్ని తిరిగి తెస్తున్న నిపుణులున్నారు. దుఃఖం నుంచి తేరుకుని కొత్త మనుషులమయ్యామని మణికట్టు మీది గుర్తు చూపించే యువతీ యువకులు ఉన్నారు. వీళ్లందరికీ ఎదురుగా సిరాలో ఏముందని అడిగే చర్మవైద్యులు నిలబడ్డారు.

అందరూ నయం గురించే మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అక్కడున్నవి మూడు వేర్వేరు సంగతులు. ఒంట్లోని జబ్బు తగ్గడం ఒకటి. పోయిన రూపం తిరిగి రావడం ఇంకొకటి. తన గురించి తనకున్న భావన మారడం మూడోది. మొదటిదానికి వేల ఏళ్ల వయసుంది, రుజువు లేదు. రెండోదానికి వయసు తక్కువ, రుజువు ఎక్కువ. మూడోదాని గురించి కథలు కోకొల్లలు, కొలతలు కొద్ది. ఒకదాని బలాన్ని ఇంకోదానికి అరువివ్వడం వల్లనే చర్చ ఇంతగా చిక్కుపడింది.

మంచులో దొరికిన మనిషి

పచ్చబొట్టు వైద్యమేనని వాదించేవాళ్లు ముందుగా పిలిచే సాక్షి ఓట్జీ. 1991లో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దు దగ్గర ఆల్ప్స్ కొండల్లో మంచు కరిగి బయటపడిన ఈ మనిషి దాదాపు 5,300 ఏళ్ల కిందట బతికాడు. అతని ఒంటి మీద 61 గుర్తులున్నాయి. పువ్వులూ జంతువులూ కావు, నల్లటి పొట్టి గీతల వరసలు, అక్కడక్కడా కూడిక గుర్తులు. నడుము, మోకాలు, చీలమండల దగ్గర ఎక్కువ. ఎక్స్‌రేలు తీస్తే ఆ భాగాల్లో చాలాచోట్ల ఎముకల అరుగుదల కనిపించింది. ఈ గుర్తులు చైనా ఆక్యుపంక్చర్ బిందువులకు దగ్గరగా ఉన్నాయని 1990ల చివర్లో కొందరు పరిశోధకులు ప్రకటించడంతో వాదన ఊపందుకుంది.

ఎదుటి పక్షం అభ్యంతరాలు కూడా గట్టివే. ఆక్యుపంక్చర్ బిందువులు ఒంటినిండా వందలున్నాయి కాబట్టి ఎక్కడ గీత పెట్టినా ఏదో ఒకదానికి దగ్గరే అవుతుంది. చైనాలో ఆ వైద్యానికి లిఖిత ఆధారాలు దొరికేది ఓట్జీ చనిపోయిన మూడు వేల ఏళ్ల తర్వాతే. పైగా 2015లో అతని ఛాతీ మీద అంతవరకూ కనబడని గీతలు బయటపడ్డాయి. కీళ్లనొప్పి అనే ఒక్క కారణంతో వాటిని వివరించలేం.

సైబీరియాలోని పజిరిక్ సమాధులను 1940లలో తవ్విన సెర్గీ రుడెంకోకూ ఇలాంటి సందేహమే వచ్చింది. అక్కడి నాయకుడి భుజాల మీద వింత మృగాలున్నాయి, వెన్నెముక పక్కన మాత్రం ఒట్టి చుక్కలున్నాయి. మృగాలు హోదాకు, చుక్కలు నొప్పికి అయివుంటాయని ఆయన ఊహించాడు.

ఈజిప్టు కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. 1891లో దొరికిన అమునెట్ అనే హాథోర్ దేవత పూజారిణి పొట్ట మీద చుక్కలు, గీతలు ఉన్నాయి. తొలి తరం పండితులు పచ్చబొట్లు ఉన్న ఇలాంటి స్త్రీలను నాట్యగత్తెలనో ఉంపుడుగత్తెలనో తేల్చేశారు. అవి గర్భానికీ కాన్పుకూ రక్ష అయివుండవచ్చని, పొట్ట పెరిగేకొద్దీ చుక్కలు వలలా విచ్చుకునేవని తర్వాతి తరం చెప్పింది. శరీరం అదే, గుర్తులు అవే. మారింది చూసినవాళ్ల మనసు. తమ గురించి ఏమీ రాసిపెట్టని మనుషుల ఉద్దేశాలను వాళ్ల చర్మం నుంచి చదివేటప్పుడు ఈ జాగ్రత్త ఎప్పుడూ ఉండాలి. ఉపశమనం కోసం మనుషులు ఎప్పటినుంచో సూదిని ఆశ్రయించారని ఈ ఆధారాల వల్ల నమ్మవచ్చు. ఉపశమనం దొరికిందని మాత్రం ఇవి చెప్పలేవు.

బైగా నుదురు, రామనామి ఒళ్లు

మన దేశంలో ఈ విద్య బతికున్న చోట్లకు వస్తే బొమ్మ మరింత స్పష్టమవుతుంది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లోని బైగా స్త్రీలకు గోదనా, అంటే పచ్చబొట్టు, లేని ఒళ్లు ఒళ్లే కాదు. మన అరకులో పచ్చగా పూసే వలిసెలను వాళ్లు రామతిల్ అంటారు. ఆ గింజలను మాడ్చి మసి తీస్తారు, నూనెతో నూరి కట్టగా కట్టిన సూదులతో పొడుస్తారు. చిన్న వయసులో నుదుటితో మొదలై ఏళ్లు గడిచేకొద్దీ వీపు, కాళ్లు, చేతులు, ఛాతీ నిండుతాయి. పొడిచేది బాదీ కులపు స్త్రీలు. తెలుగు, తమిళ ప్రాంతాల్లో ఈ పని ఎరుకల, కొరవ స్త్రీలది. ఎడ్గర్ థర్స్టన్ 1909 నాటి తన గ్రంథంలో వాళ్ల ఈ వృత్తిని నమోదు చేశాడు. జాతరల్లో చెట్టుకింద కూర్చుని దీపం మసినీ ఆకు పసరునూ కలిపి చుక్కలూ తేలూ తులసికోటా పొడిచిన ఆ ఎరుకలసానులే మన నానమ్మల తరానికి తెలిసిన కళాకారులు. పోయేటప్పుడు నగలు వెంట రావు, పచ్చబొట్టే వస్తుందని ఊళ్లలో నేటికీ అంటారు.

గోండు, బైగా ఊళ్లలో గోదనాకు వైద్యం పేరు కూడా ఉంది. నొప్పి ఉన్న కీలు చుట్టూ చుక్కలు పెడితే వాతం పోతుందని, బలం వస్తుందని చెబుతారు. అలాస్కా దగ్గరి సెయింట్ లారెన్స్ దీవి యూపిక్ ప్రజల్లో కూడా కీళ్ల దగ్గర పచ్చబొట్లు పొడిచే ఆచారం ఉండేది. అక్కడ కారణం వేరు: రోగం తెచ్చే ఆత్మలు కీళ్ల గుండా లోపలికి వస్తాయని నమ్మేవాళ్లు. దూరదూరపు జాతులు ఒకే చోట సూది పెట్టడం చూసి దాన్ని వైద్య రహస్యంగా భావించేవాళ్లున్నారు. ఎక్కువ నొప్పెట్టేవి కీళ్లే కాబట్టి అందరి చెయ్యీ అక్కడికే పోతుందన్న వివరణ సరళంగా ఉంది, నాకు సరిపోయేదిగానూ ఉంది. ఒక కొత్త నొప్పి పాతనొప్పిని కాసేపు మరపించడం, పెద్దదిక్కు లాంటి మనిషి గంటలకొద్దీ పక్కన కూర్చుని ఒంటిని పట్టుకోవడం, తగ్గుతుందన్న నమ్మకం ఊరంతటికీ ఉండటం, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. వీటిని కొట్టిపారేయనక్కరలేదు. కానీ ఎముక అరుగుదలను మసి నయం చేస్తుందనడానికి రుజువు లేదు.

పరివర్తన విషయంలో మన దేశం ఇచ్చిన అతి గొప్ప ఉదాహరణ రామనామి సమాజం. పందొమ్మిదో శతాబ్ది చివర్లో ఛత్తీస్‌గఢ్‌లో గుడిలోకి రానివ్వని కులంలో పుట్టిన పరశురాం, తన ఒంటి మీద రామనామం పొడిపించుకున్నాడు. అనుచరులు ముఖం, నాలుక, కనురెప్పలతో సహా ఒళ్లంతా ఆ పేరుతో నింపుకున్నారు. గుడి వాకిలి మూసినవాళ్లకు వాళ్ల శరీరమే జవాబు చెప్పింది. మనోవిజ్ఞానం మాట్లాడే స్వీయ పరివర్తనకు ఇంతకన్నా సంపూర్ణమైన రూపం నాకు తెలియదు. ఇక్కడ మాన్పించుకోవాల్సిన గాయాన్ని చేసింది సమాజం. అందుకే ఆ గాయానికి మందు ఒక్కరి చర్మంతో అయిపోలేదు, వేలమంది కలిసి నిలబడాల్సి వచ్చింది. ఇప్పటి రామనామి యువతరం చదువులకూ ఉద్యోగాలకూ ఊరు దాటుతోంది. ఒళ్లంతా పొడిపించుకునేవాళ్లు బాగా తగ్గిపోయారు. ఒక తరానికి విముక్తి ఇచ్చిన గుర్తు తర్వాతి తరానికి అడ్డంకి కావచ్చు.

అదే సూది, అదే మసి బలవంతాన కూడా దిగాయి. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఖైదీల నుదుటి మీద వాళ్ల నేరాన్ని గోదనాతో పొడిపించేది. 1849లో గానీ ఆ శిక్ష రద్దు కాలేదు. 1993లో పంజాబ్‌లో పోలీసులు కొందరు మహిళల నుదుటి మీద జేబుదొంగ అని పొడిపించారు. దోషులకు శిక్ష పడేసరికి 2016 వచ్చింది. ఆష్విట్జ్ శిబిరంలో నాజీలు ఖైదీల చేతుల మీద పొడిచిన అంకెల సంగతి లోకమంతా ఎరుగు. ఆ తాతల, అమ్మమ్మల అంకెలనే కొందరు మనవలు తమ చేతి మీద కోరి పొడిపించుకున్నారు. అంకె అదే అయినా కోరినవాళ్లు వేరు కాబట్టి అది అవమానం నుంచి జ్ఞాపకంగా మారింది. గోదనా గురించి పొంగిపోయి రాసేవాళ్లు సాధారణంగా దాటేసే ఇంకో మాట కూడా చెప్పాలి: నుదుటి మీద సూది దిగే వయసులో బైగా పిల్లను ఎవరూ అడగరు.

పండితులు ఎలా చూశారు

ఆధునిక పాశ్చాత్య ఆలోచన పచ్చబొట్టును మొదట అనుమానంతో చూసింది. 1876లో ఇటలీ నేరశాస్త్రవేత్త చేజరే లొంబ్రోజో దాన్ని పుట్టు నేరస్థుడి లక్షణాల్లో చేర్చాడు. ఆస్ట్రియా వాస్తుశిల్పి అడాల్ఫ్ లూస్ పచ్చబొట్టున్న ఆధునికుడు నేరస్థుడో పతితుడో అని తీర్పిచ్చాడు. ఆ వారసత్వం మనోవైద్యంలో చాలాకాలం నడిచింది. 1987లో ఆర్మాండో ఫవాజా రాసిన గ్రంథం కొంత దారి మార్చింది. ఒంటిని గాయపరచుకోవడంలో సంస్కృతి ఆమోదించినదీ, రోగలక్షణమైనదీ వేర్వేరని, కొన్నిసార్లు గాయమే స్వస్థత కోసం చేసే ప్రయత్నమని ఆయన చూపించాడు.

మానవశాస్త్రం వైపు నుంచి వచ్చినవాళ్లకు ఇది మొదటినుంచీ జబ్బు కాదు, జీవితంలో ఒక దశ నుంచి ఇంకో దశకు దాటించే క్రతువు. సమోవా దీవుల్లో నడుము నుంచి మోకాళ్ల దాకా పొడిచే పెఆ అనే పచ్చబొట్టు పని రోజుల తరబడి సాగుతుంది. కుటుంబం చుట్టూ కూర్చుంటుంది. సగంలో వదిలేస్తే అది బతుకంతా మోయాల్సిన సిగ్గు. ఆల్ఫ్రెడ్ గెల్ 1993లో పాలినీషియా పచ్చబొట్ల మీద రాసిన పుస్తకం, ఇలాంటి చోట్ల చర్మం మీద రాత ఒక మనిషి స్వంత విషయం కాదనీ, అధికారమూ బంధుత్వమూ దానిలో కలిసే ఉంటాయనీ వాదించింది. దీనికి పూర్తిగా ఎదురు దిశలో నిలబడింది 1980ల తర్వాతి అమెరికన్ సామాజికశాస్త్రం. క్లింటన్ శాండర్స్, మార్గో డిమెల్లో వంటివాళ్లకు పచ్చబొట్టు ఎవరి కథను వాళ్లే రాసుకోవడం. నేటి పట్టణ యువత భాష అంతా ఈ ధోరణి నుంచి వచ్చిందే. హైదరాబాద్ దుకాణంలో అమ్మ పేరు పొడిపించుకునే కుర్రవాడి మాటల్లో కూడా అదే వినబడుతుంది.

కొలిచి చూసినవాళ్లు తక్కువ. 2011లో బ్రిటన్‌లో వీరెన్ స్వామి చేసిన అధ్యయనంలో, తొలి పచ్చబొట్టు వేయించుకున్నవాళ్లకు మూడు వారాల తర్వాత తమ ఒంటి మీద మెప్పు, ఆత్మగౌరవం పెరిగాయి. అయితే నలుగురూ తమ ఒంటిని ఎలా చూస్తారోనన్న బెంగ పురుషుల్లో తగ్గితే స్త్రీలలో పెరిగింది. 2016లో అలబామా విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ లిన్ బృందం పచ్చబొట్టుకు ముందూ తర్వాతా లాలాజలం పరీక్షించింది. అంతకుముందే ఎక్కువ పచ్చబొట్లున్నవాళ్లలో రోగనిరోధక ప్రొటీన్ ఒకటి తక్కువగా పడిపోయింది. ఈ ఫలితాన్ని పట్టుకుని పచ్చబొట్టు రోగనిరోధక శక్తిని పెంచుతుందని పత్రికలు మోగించాయి. పరీక్షించింది 29 మందిని. ఒత్తిడికి అలవాటుపడిన ఒళ్లు తట్టుకుంటుందన్న సూచన అందులో ఉంది, ఆరోగ్యం పెరుగుతుందన్న నిరూపణ లేదు.

ఈ ధోరణులను పక్కపక్కన పెడితే తేడా ఇది: అనుమానించేవాళ్లు గుర్తును చూసి మనిషిని నిర్ణయిస్తారు, క్రతువు చూసేవాళ్లు చుట్టూ ఉన్న జనాన్ని చూస్తారు, కథ చూసేవాళ్లు మనిషి మాటను నమ్ముతారు, కొలిచేవాళ్లు ముందూ వెనకా తేడా అడుగుతారు. క్రతువును చూసిన పక్షానికే నా ఓటు ఎక్కువ. సమోవాలోనూ రామనామీలలోనూ మార్పు నిలబడటానికి చూసి ఒప్పుకున్న మనుషులు కారణం. అద్దం ముందు ఒంటరిగా చేసుకున్న ప్రకటనకు ఆ బలం ఎక్కణ్నుంచి వస్తుందో మూడో ధోరణి ఇంతవరకూ సరిగా చెప్పలేదు.

రుజువు గట్టిగా ఉన్నచోట

పోయిన రూపాన్ని తిరిగి తేవడంలో మాత్రం వివాదం లేదు. తెల్లబడిన కంటిపొరకు రంగు పొడిచే ప్రక్రియను 1870 ప్రాంతంలోనే పారిస్ నేత్రవైద్యుడు లూయీ ద వెకర్ అమలుచేశాడు. కాలిన మచ్చలకు, పెరగడం ఆగిన బొల్లి మచ్చలకు చర్మపు రంగు పొడిచే పద్ధతి ఉంది. బ్రెజిల్ కళాకారిణి ఫ్లావియా కార్వాల్యో ఇంటి హింసకు గురైన స్త్రీల కత్తిగాట్ల మీద ఉచితంగా పూలు, పక్షులు పొడిచి ఆ విద్యను మరో మెట్టు ఎక్కించింది.

అన్నిటికన్నా దగ్గరగా చూడాల్సింది రొమ్ము శస్త్రచికిత్స తర్వాతి పని. కొత్తగా కట్టిన రొమ్ము మీద చనుమొన, దాని చుట్టూ ముదురు వలయం ఉండవు. 1986లో హిల్టన్ బెకర్ అనే ప్లాస్టిక్ సర్జన్ ఆ వలయాన్ని పచ్చబొట్టుతో తేవచ్చని వైద్యపత్రికలో రాశాడు. అమెరికాలోని మేరీలాండ్‌కు చెందిన విన్నీ మైయర్స్ వంటి పచ్చబొట్టు కళాకారులు ఆ పనిని చిత్రకళ స్థాయికి తెచ్చారు. గాయం పూర్తిగా మాని మచ్చ మెత్తబడేదాకా నెలలు ఆగుతారు. అవతలి రొమ్ము ఉంటే దాని రంగుతో పోల్చుకుని మూడు నాలుగు రంగులు కలుపుతారు. ఒక పక్క నీడ, ఒక పక్క వెలుగు వేస్తే చదునైన చర్మం మీద మొన పైకి లేచినట్టు కనబడుతుంది. వలయంలో సహజంగా ఉండే చిన్న చిన్న బుడిపెలను కూడా చుక్కలతో చూపిస్తారు. రంగు కొంత వెలుస్తుందని తెలిసి ఒక పిసరు ముదురుగా వేస్తారు. మచ్చ కణజాలం సిరాను సమంగా పట్టదు, రేడియేషన్ సోకిన చర్మం పలచబడి ఉంటుంది. అందుకే ఇది మామూలు దుకాణం పని కాదు.

ఇదే రోగి ఒంటి మీద ఇంకో పచ్చబొట్టు కూడా ఉండవచ్చు. రేడియేషన్ కిరణం ప్రతిరోజూ ఒకే చోట పడటానికి ఛాతీ మీద ఆవగింజంత చుక్కలు పొడుస్తారు. వైద్యపరంగా వాటి ప్రయోజనం స్పష్టం. కానీ చికిత్స అయిపోయాక స్నానం చేసిన ప్రతిసారీ జబ్బును గుర్తుచేస్తాయని బాధపడే స్త్రీలున్నారు. చర్మపు ఉపరితలాన్ని కెమెరాలతో గుర్తించి చుక్కలు అవసరం లేకుండా చేసే పద్ధతి వైపు కొన్ని ఆసుపత్రులు మళ్లుతున్నాయి. ప్రాణం కాపాడేందుకు వేసిన చుక్క బాధపెడుతోంది, జబ్బుకు ఏ సంబంధమూ లేని వలయం ఓదార్పునిస్తోంది. మొదటిది వైద్యుడి అవసరం, రెండోది ఆమె కోరిక. ఈ చర్చ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన ఆధారం ఇదే.

సిరా ఎక్కడికి పోతుంది

సూది చర్మంలోకి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు దిగుతుంది. శరీరం సిరాను పరాయి పదార్థంగా గుర్తిస్తుంది. భక్షక కణాలు వచ్చి దాన్ని మింగి, కరిగించలేక లోపలే పట్టుకుని కూర్చుంటాయి. ఆ కణాలు చనిపోతే బయటపడిన రంగును వాటి స్థానంలోకి వచ్చినవి మళ్లీ మింగుతాయని 2018లో ఫ్రెంచి పరిశోధకులు ఎలుకల మీద చూపించారు. శాశ్వతత్వం వెనక ఉన్న రహస్యం అదే. కొంత రంగు లింఫ్ గ్రంథుల్లో చేరుతుంది. యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి పచ్చబొట్టు సిరాల్లో వేల రసాయనాల మీద ఆంక్షలు పెట్టింది. 2024లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ అధ్యయనం, పచ్చబొట్లున్నవాళ్లలో లింఫోమా అనే క్యాన్సర్ ముప్పు 21 శాతం ఎక్కువన్నది. అయితే పచ్చబొట్టు పెద్దదయ్యేకొద్దీ ముప్పు పెరగలేదు కాబట్టి సిరానే కారణమని తేలినట్టు కాదు.

సోకే జబ్బుల విషయంలో మాత్రం సందేహం లేదు. శుభ్రం చేయని సూది హెపటైటిస్ బి, సి వైరస్‌లను మోసుకెళ్తుంది. మన దేశంలో పచ్చబొట్టు వేయించుకున్న ఏడాది దాకా రక్తదానానికి ఒప్పుకోకపోవడం అందుకే. మనలాంటి ముదురు చర్మం వాళ్లలో గాయం మానాక మచ్చ ఉబ్బి పెరిగే కీలాయిడ్ బెడద ఎక్కువ. బొల్లి, సొరియాసిస్ చురుగ్గా ఉన్నవాళ్లకు సూది గుచ్చిన చోటే జబ్బు కొత్తగా పుట్టవచ్చు. బొల్లి మచ్చను కప్పడానికి వాడే సూదే బొల్లిని పెంచవచ్చన్నమాట. ఇన్ని తెలిసినా పచ్చబొట్టు సిరాకూ, వేసేవాళ్ల శిక్షణకూ దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం మనకు లేదు.

ఇంకా తేలనివి

మానసిక స్వస్థత విషయంలో అతి కష్టమైన ఉదాహరణ సెమికోలన్ గుర్తు. 2013లో అమెరికాలో ఎమీ బ్లూయెల్ ఆ గుర్తుతో ఒక ఉద్యమం మొదలుపెట్టింది. ముగించగలిగీ ముగించకుండా కొనసాగించిన వాక్యానికి అది చిహ్నం. ఆత్మహత్య ఆలోచనల నుంచి బయటపడ్డవాళ్లు ఎందరో దాన్ని ఒంటి మీద పొడిపించుకున్నారు, ఒకరినొకరు గుర్తుపట్టారు, మాట్లాడుకున్నారు. 2017లో బ్లూయెల్ ఆత్మహత్య చేసుకుంది. ఆ గుర్తు అబద్ధమైపోయిందని దీన్ని బట్టి అనడం క్రూరం. కుంగుబాటు ఒక జబ్బు. దానికి మందూ, వైద్యుడూ, మనుషుల తోడూ కావాలి. గుర్తు ఆ తోడును దగ్గరకు తేగలదు, దాని స్థానంలో కూర్చోలేదు.

తీసేయడం కూడా పరివర్తనేనా అన్నది ఇంకో ప్రశ్న. లాస్ ఏంజిలిస్‌లో ఫాదర్ గ్రెగ్ బాయిల్ స్థాపించిన హోమ్‌బాయ్ ఇండస్ట్రీస్, ముఠాల నుంచి బయటికొచ్చినవాళ్ల ముఠా పచ్చబొట్లను లేజర్‌తో ఉచితంగా తీసేస్తుంది. అక్కడ కొత్త జీవితం గుర్తు చెరగడంతో మొదలవుతుంది. పచ్చబొట్టే మనిషిని మారుస్తుందన్న సిద్ధాంతం ఈ కేసును లెక్కలోకి తీసుకోవాల్సిందే.

పేరు ఎవరికి దక్కాలన్నదీ తేలలేదు. మిథిలలో దుసాధ్ కులపు చానో దేవి వంటి స్త్రీలు గోదనా బొమ్మలను కాగితం మీదికి తెచ్చి కొత్త చిత్రశైలినే నిలబెట్టారు. బాదీ, ఎరుకల స్త్రీలకు అలాంటి దారి దొరకలేదు. ఇప్పుడు స్వస్థత పేరుతో నగరాల్లో వేల రూపాయలకు అమ్ముడవుతున్న విద్యను శతాబ్దాల పాటు గుప్పెడు గింజలకు చేసినవాళ్లు వాళ్లు.

చేయగలిగిన పనులు కొన్ని వెంటనే ఉన్నాయి. సిరాకు ప్రమాణాలు, వేసేవాళ్లకు తప్పనిసరి శిక్షణ ప్రభుత్వం తేవాలి. ఆరోగ్యశ్రీ కింద రొమ్ము తీయించుకున్న ప్రతి పేద స్త్రీకీ, ఆమె కోరితే, వలయం పొడిచే ఆ చివరి అడుగు కూడా అందాలి. క్యాన్సర్ ఆసుపత్రులు ఇలాంటి వెసులుబాటు ఉందని ముందుగా చెప్పాలి. బాధలో ఉండి పచ్చబొట్టు వేయించుకోవాలనుకునేవాళ్లు ముందు వైద్యుడితో మాట్లాడండి, చర్మం మీద మానని జబ్బేదైనా ఉంటే ఆగండి. కొత్త సూది మీ కళ్లముందే విప్పని చోట కూర్చోకండి.